బస్సు షెల్టరు శాసనం: నిధిసంజీవని అను టీకాతాత్పర్య సహితం

అవతారిక

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ పని మొదలుపెట్టకముందే ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం మాకూ సమ్మతమే. రెండో సగం శిలాఫలకాల దగ్గర నడవదు. అక్కర్లేని మాటలన్నీ తీసేస్తే వ్యాఖ్యానించడానికి మూలమే మిగలదు.

ఈ మూలానికి కర్త ఎవరో తెలియదు, కాలమూ తెలియదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఏ ఊరి సెంటర్లో బస్సు దిగినా ఒక ప్రతి కనబడుతుంది: టైల్స్ అంటించిన దిమ్మె, దాని మీద నల్ల గ్రానైటు పలక, పలక మీద బంగారు రంగు అక్షరాలు, ఓ మూల ఇంకా వేలాడుతున్న తెర తాలూకు రింగు. దొరికిన ప్రతులన్నీ సరిపోల్చి పరిష్కరించిన పాఠం కనుక దీనిని ఏ ఒక్క ఊరికీ, ఏ ఒక్క పార్టీకీ అంటగట్టరాదు.

మూలం

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యుల వారి విశేష కృషితో కేంద్రం నుండి సాధించిన ఎంపీ ల్యాడ్స్ నిధులు రూ. 5.00 లక్షల అంచనా వ్యయముతో, ప్రజల చిరకాల వాంఛ అయిన బస్సు షెల్టరు నిర్మాణమునకు వారి కరకమలములచే శంకుస్థాపన గావించబడినది. ఇట్లు, గ్రామ ప్రజలు.

ప్రతిపదార్థం

గౌరవనీయులైన = అయిదేండ్లకొకమారు గౌరవము రెన్యువలు కావలసినట్టి; పార్లమెంటు సభ్యుల వారి = ఎంపీ యొక్క (ఒక్కరే, బహువచనము పూజార్థకము); విశేష కృషితో = లెటర్‌హెడ్డు మీది సంతకముతో; కేంద్రం నుండి = ఢిల్లీ నుండి, అనగా మనము కట్టిన పన్నుల నుండి; సాధించిన = (ఇచట వివాదము కలదు, దిగువ చూడుడు); అంచనా వ్యయముతో = ఏఈ గారి ఎస్టిమేటులో మాత్రమే నిలకడగా నుండు మొత్తముతో; చిరకాల వాంఛ అయిన = మూడు ఎన్నికలుగా అడుగుచున్నట్టి; బస్సు షెల్టరు = బస్సు ఆగకున్నను ఆగియుండు నీడ; కరకమలములచే = ఒకే తాపీని పట్టుకొన్న పదకొండు చేతులచే; శంకుస్థాపన = కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగుట; గావించబడినది = అయినది; ఇట్లు, గ్రామ ప్రజలు = కాంట్రాక్టరు.

తాత్పర్యం

రోడ్డు పక్క ఎండలో, వానలో నిలబడే జనానికి కప్పు వేయడానికి ఎంపీ గారు డబ్బు ఇప్పించారు. తాత్పర్యం ఇంతే. టీక మాత్రం ఇంతతో పోదు.

నిధి విచారం

కుబేరుడి నిధులు తొమ్మిది: పద్మం, శంఖం, మకరం, కచ్ఛపం వగైరా. ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం, వీటిలో ఏదని శంక. నడక చూసినవాళ్లు కచ్ఛపం, అంటే తాబేలు, అంటారు. మాదీ అదే పక్షం. నడక ఒక్కటే కారణం కాదు, ఆయుష్షు కూడా. సర్కారు డబ్బు మామూలుగా మార్చి 31కి మురిగిపోతుంది. ఇది మురగదు. ఈ ఏడు వాడనిది వచ్చే ఏటికి చేరుతుంది. లోక్‌సభ ఎంపీ ఓడిపోతే ఆయన ఖర్చుపెట్టని మిగులు కొత్తగా గెలిచినవారికి సంక్రమిస్తుంది. కొన్ని ఊళ్లలో ఒకే షెల్టరు ముందు రెండు దిమ్మెలు, రెండు పార్టీల పేర్లతో, ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడడానికి కారణం ఇదే.

ఈ ప్రబంధానికి ఆదికర్త మనవాడే. 1993 డిసెంబరు 23న పార్లమెంటులో పథకాన్ని ప్రకటించినవారు ప్రధాని పి.వి. నరసింహారావు, విశ్వనాథ వారి వేయిపడగలను హిందీలోకి తెచ్చిన పీవీయే. మొదటి ఏడు ఎంపీకి 5 లక్షలు ఇచ్చారు. మరుసటి ఏడు అది కోటి అయింది, 1998-99లో రెండు కోట్లు, 2011-12లో అయిదు కోట్లు. అప్పటినుంచి సిమెంటు పెరిగింది, ఇసుక పెరిగింది, మేస్త్రీ కూలి పెరిగింది. ఈ అంకె అక్కడే ఉంది. పథకం ఆలనాపాలనా కేంద్ర గణాంకాల శాఖది. దేశం తలసరి ఆదాయం లెక్కగట్టే శాఖే మీ ఊరి బోరు లెక్కా చూస్తుందన్నమాట.

"సాధించిన" అనుచోట

పూర్వపక్షం ఇలా ఉంది. లోక్‌సభలో 543 స్థానాలు, రాజ్యసభలో 245, వెరసి 788. అధికార పక్షమైనా, ప్రతిపక్షమైనా, సభలో గొంతు చించుకున్నా, అయిదేళ్లూ నోరు విప్పకపోయినా అందరికీ అవే అయిదు కోట్లు. అడగక్కరలేదు, పోట్లాడక్కరలేదు. ఇందులో సాధించడమేమిటి? ఒకటో తారీఖున జీతం పడిందని ఏ గుమాస్తా అయినా ఫ్లెక్సీ కట్టించుకుంటాడా?

ఈ క్రియాపదం సార్థకం కావాలంటే అమెరికా శాఖ పాఠం చూడాలి. అక్కడ సభ్యుడికి వంతుగా వచ్చే డబ్బంటూ ఏమీ లేదు. ఫలానా ఊళ్లో ఫలానా పనికి ఇంత కావాలని అడగాలి, అది కేటాయింపుల బిల్లులో చోటు చేసుకోవాలి, బిల్లు నెగ్గాలి. అపవాదులు పెరిగి 2011లో ఆ పద్ధతిని ఆపేశారు. 2021లో కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఫండింగ్ అని పేరు మార్చి మళ్లీ తెచ్చారు. ఆ పనిలో తనకు గాని, తన ఇంటివాళ్లకు గాని లాభం లేదని ప్రతినిధుల సభ సభ్యుడు రాసివ్వాలి. అక్కడి ఊరికి డబ్బు తెచ్చినవాడు సాధించాడనే అనాలి. మన పలక మీది మాట దిగుమతి సరుకు.

పైగా మన ఎంపీ చేతికి ఒక్క రూపాయి రాదు. ఆయన పని సిఫారసు. 2023 దాకా లెటర్‌హెడ్ మీద పని పేరు, ఊరి పేరు, మొత్తం రాసి కలెక్టరుకు పంపేవారు, ఇప్పుడు పోర్టల్‌లో పంపాలి. అక్కణ్ణుంచి కాగితం సీపీవో (ముఖ్య ప్రణాళికాధికారి) ఆఫీసుకు, సీపీవో నుంచి ఇంజినీర్లకు, ఏఈ ఎస్టిమేటుతో మళ్లీ వెనక్కి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, పని, ఎం.బుక్ (కొలతల పుస్తకం), బిల్లు. ఈ మజిలీల్లో ఎక్కడైనా కాగితం పడుకోవచ్చు. షెల్టరు స్థలం పంచాయతీదా, ఆర్ అండ్ బీదా అని ఎవరో ఒకరు అడిగితే చాలు, ఒక వర్షాకాలం గడిచిపోతుంది. ఆ కాగితాన్ని లేపి నడిపించేది చాలాసార్లు ఎంపీ గారి పీఏ. ఏ పలక మీదా ఆయన పేరుండదు.

అయితే కృషి బొత్తిగా లేదని తేల్చడం తొందరపాటు. లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు ఉభయ సభల్లో కలిపి 36 మంది, తెలంగాణకు 24 మంది. అరవై మందికి ఏటా 300 కోట్లు. వినడానికి కొండంత. ఒక్క లోక్‌సభ స్థానంలోకి దిగితే ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, అంటే సెగ్మెంటుకు 71 లక్షలు. సెగ్మెంటులో నాలుగైదు మండలాలు, మండలానికి పదిహేను లక్షలు. మండలంలో ఇరవై అటూ ఇటూగా పంచాయతీలు, పంచాయతీకి ముప్పావు లక్ష. అయిదు లక్షల షెల్టరు ఒక ఊరి వంతుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. ఎంపీ గారి పదవి అయిదేళ్లే! పట్టణాలకు పైసా ఇవ్వకపోయినా ఇదే లెక్క. పైగా మొత్తంలో 15 శాతం ఎస్సీలు, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు పోవాలి.

కనుక సిద్ధాంతం ఇది. డబ్బు తేవడానికి కృషి లేదు. ఒక ఊరికిచ్చి ఆరు ఊళ్లకు ఇవ్వకపోవడంలో ఉంది, ఇవ్వనని తెలియకుండా ఇవ్వకపోవడంలో మరీ ఉంది. "రాసిచ్చేశామన్నా, కలెక్టరు దగ్గరుంది" అనీ, "ఈసారి లిస్టులో మీదే ముందు" అనీ, "చూద్దాం లే బాబాయ్" అనీ పొద్దున్నే అర్జీలతో వచ్చినవాళ్లకు టీ ఇప్పించి పంపడం చిన్న విద్య కాదు. విశేష కృషి అనే విశేషణాన్ని ఇక్కడ అన్వయించుకుంటే కవికి అబద్ధదోషం అంటదు.

పేర్ల వరుస

మూలంలో పేర్లు లేవు, మేమే తీసేశాం. అసలు ప్రతుల్లో పలకలో ముప్పాతిక పేర్లే. ఈ రసవద్ఘట్టం లేకుండా వ్యాఖ్య పూర్తికాదు.

పైన ఫొటోలు. కింద ముఖ్యమంత్రి, జిల్లా ఇన్‌చార్జి మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, జెడ్పీ, మండల పరిషత్, సర్పంచ్, వార్డు సభ్యులు, కడపట కలెక్టరు, ఇంజినీర్లు. ఎవరి అక్షరం ఎంత లావుండాలన్నదే దీని ఛందస్సు. ఎమ్మెల్యే పేరు ఒక గీత కిందికి జారితే యతిభంగం. స్థానిక ప్రతిపక్ష సర్పంచ్ పేరు మరిచిపోతే గణభంగం. అప్పుడు పత్రికల జిల్లా పేజీలో "ప్రోటోకాల్ రగడ" అనే శీర్షిక కింద ఒక వార్త వస్తుంది, పలక పగులుతుంది, పాఠాంతరం పుడుతుంది. ప్రొటోకాలు తప్పిన పలకను రాత్రికి రాత్రే మార్చగల యంత్రాంగం షెల్టరు కప్పు విషయంలో ఆ చురుకు ఎందుకు చూపదో ఏ ఆలంకారికుడూ చెప్పలేదు.

మరో విశేషం. ఎంపీ ల్యాడ్స్ పనికి పలక వేయడం ఐచ్ఛికం కాదు, విధి. పథకం పేరు, ఖర్చు, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, ప్రారంభించిన తేదీ, సిఫారసు చేసిన ఎంపీ పేరు శాశ్వతంగా కనబడాలని మార్గదర్శకాలు చెప్పాయి. ఏళ్ల తరబడి నడిచిన అవే మార్గదర్శకాల నిషేధాల పట్టికలో, కట్టినదానికి ఏ వ్యక్తి పేరూ పెట్టకూడదని ఉంది. షెల్టరుకు పేరు పెట్టరాదు, షెల్టరు ముందు రాతి మీద పేరు ఉండి తీరాలి. విధినిషేధాలు ఇంత దగ్గరగా కాపురం చేయడం మీమాంసకులకు కూడా అరుదు. ఎన్నికల కోడ్ వచ్చిందా, విధి కూడా ఓడిపోతుంది. పలకకు ముసుగు పడుతుంది, గుడ్డ దొరక్కపోతే పాత దినపత్రిక అంటిస్తారు. ఆ పత్రికలో మళ్లీ అదే నాయకుడి ఫొటో ఉంటే దాన్ని ధ్వని అనుకోవాలి.

ఖండనమండనాలు

ఈ కావ్యమే వద్దన్న విమర్శకులు తక్కువవారు కారు. చట్టం చేసేవాడు కల్వర్టులు పంచడమేమిటని 2002లో జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా సంఘం, 2007లో వీరప్ప మొయిలీ నాయకత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం దీన్ని ఎత్తేయమన్నాయి. నడుమ 2005 డిసెంబరులో ఒక టీవీ ఛానెల్ రహస్య కెమెరాలతో కొందరు ఎంపీలు ఈ నిధుల పనులకు కమీషన్ మాట్లాడుకోవడాన్ని చూపించింది. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ చక్రవ్యూహ్. వ్యాసుడి వ్యూహంలో చొరబడ్డవాడు బయటికి రాలేకపోయాడు. ఇందులో చాలామంది వచ్చారు. 2010లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం భీమ్ సింగ్ కేసులో పథకం రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చడంతో మండనం పూర్తయింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ పేరుతో రెండేళ్లకు ఆపారు, 2021 నవంబరులో మళ్లీ తెరిచారు. అంతటి ప్రళయంలోనూ తాబేలు తల లోపలికి ముడుచుకుందే గాని చావలేదు.

ఎత్తేయమన్నవారి తర్కం మాకు నచ్చుతుంది. అయినా ఒక సందేహం. ఢిల్లీ నుంచి వచ్చే మిగతా డబ్బంతా పథకాల పేర్లతో, శాతాలతో, యాప్‌లతో వస్తుంది. ఇల్లు కదిలి, బండెక్కి, ఒక మనిషి ముఖం చూసి అడగగలిగిన కేంద్ర నిధి ఊరివాడికి ఇదొక్కటే. అడిగినందుకు వచ్చేది షెల్టరే కావచ్చు.

పాఠాంతరాలు

రాజ్యసభ సభ్యుడు తన రాష్ట్రంలో ఎక్కడైనా ఖర్చుపెట్టవచ్చు. నామినేటెడ్ సభ్యుడికి దేశమంతా నియోజకవర్గమే. ఈ నియమం వల్లనే ముంబయి వాసి సచిన్ టెండూల్కర్ అప్పటి నెల్లూరు జిల్లాలోని పుట్టంరాజువారి కండ్రిగను దత్తత తీసుకుని, 2014 నవంబరులో అక్కడికి వచ్చి, ఎంపీ నిధులు ఆ ఊరికి ఇచ్చారు. అక్కడ ఓటు లేదు, పోటీ లేదు, వచ్చేసారి గెలవాలన్న బెంగ లేదు. నిష్కామకర్మకు లక్ష్యంగా ఈ ఒక్క పాఠాన్ని చూపవచ్చు, పరుగుల కామన పక్కన పెడితే.

లుప్తభాగం

పలకపై ఉండవలసి ఉండి, చాలా ప్రతుల్లో కనబడనిది ఒకటుంది: పని పూర్తయిన తేదీ. శంకుస్థాపన నాడే పలక చెక్కుతారు కాబట్టి ఆ గడి ఖాళీగా వదలడం న్యాయమే. తర్వాత నింపడానికి ఉలి పట్టుకుని ఎవరూ రారు. దిమ్మె మాత్రం అప్పటికే టైల్స్‌తో సహా తయారు, ఈ నిధుల్లో గడువుకు ముందే ముగిసే నిర్మాణం అదొక్కటే. మన పాత రాజులు దానశాసనాల చివర, దీన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శాపం చెక్కించేవారు. ఇప్పుడు శాపం బదులు ఆడిట్ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి సిఫారసు మొదలు చెల్లింపు దాకా అంతా ఈ-సాక్షి అనే పోర్టల్‌లో నడవాలన్నారు. సాక్షి వ్యాసాలు రాసిన పానుగంటి వారు ఉండి ఉంటే ఆ పేరు మీద హక్కు అడిగేవారేమో. సాక్షి ఢిల్లీలో ఉన్నాడు, తేదీ గడి ఇక్కడ ఉంది.

ఇది శ్రీమత్కలెక్టరు కార్యాలయ పరిపాలనానుమతి ప్రాప్త ప్రాదుర్భావ, సీపీవో సెక్షను చిరనివాస పరిణత స్వభావ, ఎం.బుక్ నమోదిత కొలతల వైభవ సమన్వితంబైన బస్సు షెల్టరు శాసనంబునకు నిధిసంజీవని అను వ్యాఖ్యయందు శంకుస్థాపన ఘట్టంబన్నది ఏకైక ప్రథమాశ్వాసము. ప్రారంభోత్సవ ఘట్టంబు గల ద్వితీయాశ్వాసము బిల్లు పడిన పిమ్మట.