డెడ్‌లిఫ్ట్ దించేటప్పుడు వినకూడని సలహాలు

పవర్‌లిఫ్టింగ్ పోటీలో స్క్వాట్‌కు రిఫరీ రెండుసార్లు కేక వేస్తాడు. బెంచ్ ప్రెస్‌కు మూడుసార్లు వేస్తాడు. డెడ్‌లిఫ్ట్‌కు మాత్రం ఒక్కసారే. మొదలుపెట్టమని ఎవరూ చెప్పరు, మీ అంతట మీరే వంగి ఎత్తుకోవాలి. మోకాళ్లు బిగించి, భుజాలు వెనక్కి పెట్టి నిటారుగా నిలబడ్డాక, రాడ్ కదలకుండా ఆగాక, ఎదురుగా కూర్చున్న చీఫ్ రిఫరీ చెయ్యి కిందికి దించుతూ ‘డౌన్’ అంటాడు. మొత్తం లిఫ్టులో రిఫరీ నోటి నుంచి వచ్చే ఆ ఒక్క మాటా దించడం గురించే. మన జిమ్ముల్లో మాత్రం నడుము ఎలా పెట్టాలి, పాదాలు ఎంత దూరం ఉంచాలి, రాడ్ ఎలా పట్టుకోవాలి అని గంటలకొద్దీ చెప్పే కోచ్‌లు కూడా దించే దగ్గరికి వచ్చేసరికి ‘ఇక దించెయ్’ అని ఊరుకుంటారు. ఆ ఖాళీలోకి పక్కనున్నవాళ్ల సలహాలు వచ్చి చేరతాయి.

వాటిలో పూర్తిగా అబద్ధమైనవి తక్కువ. ఒకటి వెయిట్‌లిఫ్టింగ్ నుంచి వచ్చింది, ఇంకొకటి బాడీబిల్డింగ్ నుంచి, మరొకటి జిమ్ యజమాని టైల్స్ బాధ నుంచి పుట్టింది. ఎక్కడి మాట అక్కడ నిజమే. పోటీకి సిద్ధమయ్యేవాళ్లకు ఆ మాటలే చేటు తెస్తాయి. అందుకే నేను మళ్లీ మళ్లీ విన్నవాటిని ఇక్కడ రాస్తున్నాను.

‘పైకి వచ్చేసిందిగా, వదిలెయ్ అన్నా.’ అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇదే, ఎక్కువమందిని ముంచేదీ ఇదే. దీని పుట్టిల్లు వెయిట్‌లిఫ్టింగ్. తెలుగువాళ్లకు బరువులెత్తడం అనగానే కరణం మల్లీశ్వరి గుర్తొస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి. ఆ ఆటలో బరువు తలపైకి వెళ్తుంది, ప్లేట్లకు రబ్బరు ఉంటుంది. రిఫరీ సైగ ఇచ్చాక రాడ్ భుజాల కిందికి వచ్చిందంటే చేతులు వదిలెయ్యవచ్చు. టీవీలో అది చూసి పెరిగిన కళ్లకు బరువును నేలకేసి వదలడమే గెలుపుగా కనిపిస్తుంది.

పవర్‌లిఫ్టింగ్ వేరే ఆట. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య, అంటే ఐపీఎఫ్, నిబంధనల్లో డెడ్‌లిఫ్ట్ చెల్లకుండా పోయే కారణాల జాబితా ఉంది. రిఫరీ సైగ రాకముందే దించడం అందులో ఒకటి. రెండు చేతుల అదుపు లేకుండా రాడ్‌ను ప్లాట్‌ఫారం మీదికి పోనివ్వడం, అంటే అరచేతుల్లోంచి వదిలెయ్యడం, మరొకటి. ఎంత బరువు ఎత్తారు, ఎంత అందంగా ఎత్తారు అన్నదాంతో దీనికి పని లేదు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు ఎర్రలైటు వేస్తే ఆ లిఫ్టు లేనట్టే. జిమ్‌లో నెలల తరబడి వదిలెయ్యడం అలవాటైన చేతులు పోటీ రోజున మాత్రం పట్టుకుంటాయని ఆశపడకండి. కొత్త రికార్డు ఎత్తిన సంతోషంలో మెదడు పనిచెయ్యదు, అలవాటే పనిచేస్తుంది.

దీనికి తోడుగా వచ్చే మాట, ‘దించేటప్పుడే నడుము పోతుంది, అందుకే వదలాలి’ అన్నది. నడుముకు దెబ్బ తగిలిన మనిషి ఈ మాట అన్నాడంటే అతని భయాన్ని నేను తప్పుపట్టను. కానీ నడుము పట్టేసేది దించడం వల్ల కాదు, బిగువు వదిలేసి దించడం వల్ల. పైన నిలబడగానే ఊపిరి మొత్తం వదిలేసి, పొట్ట సడలించి, అప్పుడు వంగుతారు. అప్పటిదాకా నడుముకు దన్నుగా ఉన్నది ఆ ఊపిరి, ఆ పొట్ట బిగువే. రెండు వందల కిలోలు చేతుల్లో ఉండగా ఆ దన్ను తీసేస్తే వెన్ను గుండ్రంగా తిరుగుతుంది. కాబట్టి ‘పైకి రాగానే ఊపిరి వదులు’ అన్న సలహాను కూడా ఇదే లెక్కలో కొట్టెయ్యండి. బరువైన సింగిల్ చేసేటప్పుడు ఎత్తే ముందు పట్టిన ఊపిరి ప్లేట్లు నేలకు తగిలేదాకా లోపలే ఉండాలి. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే మాత్రం పంతానికి పోవద్దు. పైన కొద్దిగా వదిలి, మళ్లీ పట్టి, అప్పుడు దించండి.

ఇక బాడీబిల్డింగ్ నుంచి వచ్చిన సలహా: ‘ఐదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించు, కండ పెరుగుతుంది.’ కండ పెరగడం మాట నిజమే. కండరం ఎత్తగలిగినదానికంటే ఎక్కువ బరువును దించేటప్పుడు ఆపగలదు, అలా సాగుతూ పనిచేసినప్పుడు దానికి చిన్నచిన్న దెబ్బలూ ఎక్కువ తగులుతాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు మొదలై రెండు మూడు రోజులు ఉంటుంది. పోటీకి మూడు నాలుగు వారాలు ఉందనగా బరువైన ప్రతి రెప్పునూ ఐదు అంకెలపాటు దించితే తొడల వెనక కండరాలు పట్టేసి, ఆ వారం స్క్వాట్ కూడా దెబ్బతింటుంది. పైగా ముందుగా అలిసిపోయేది వేళ్ల పట్టు, మూడో రెప్పుకే రాడ్ జారడం మొదలవుతుంది. పోటీలో స్ట్రాప్స్ కట్టుకోనివ్వరు కాబట్టి పట్టును అలా ఖర్చుపెట్టడం దండగ. నెమ్మదిగా దించే పని చెయ్యాలనుకుంటే తేలిక బరువుతో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చెయ్యండి, అదీ పోటీ దగ్గరపడేలోగానే.

నిబంధన అడిగేది అదుపు మాత్రమే. నెమ్మదిగా దించమని అందులో ఎక్కడా లేదు. రాడ్ కిందికి వేగంగా వెళ్లినా ఫరవాలేదు. రెండు చేతులూ దానిమీదే ఉండి, దానితోపాటు నేలదాకా వెళ్లాలి. మంచి లిఫ్టర్లు బరువైన రాడ్‌ను ఒకటి రెండు సెకన్లలో కిందికి చేర్చేస్తారు. ప్లేట్లు నేలకు తగిలి, రాడ్ వణుకు ఆగి, కుదురుకున్నాకే వేళ్లు విప్పుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను, రాడ్ కిందికి వచ్చే దారి. ‘ముందు మోకాళ్లు వంచు, అప్పుడు నడుము మీద భారం పడదు’ అని చెబుతారు. చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిదే. చేసి చూడండి, ఏమవుతుందో తెలుస్తుంది. మోకాళ్లు ముందుకు వస్తాయి. రాడ్ ఇంకా తొడల మధ్యలోనే ఉంటుంది. అది నేరుగా కిందికి వస్తే మోకాలిచిప్పకు తగులుతుంది. తగలకుండా ఉండాలంటే దాన్ని ముందుకు నెట్టి, మోకాళ్ల చుట్టూ తిప్పి దించాలి. అలా ముందుకు వెళ్లిన రాడ్ మనిషిని కూడా ముందుకు లాగుతుంది, మడమలు లేచి భారం కాలివేళ్ల మీద పడుతుంది. నడుమును కాపాడడానికి మొదలుపెట్టిన పని నడుమునే ఎక్కువ లాగుతుంది.

సరైన వరుస దీనికి తలకిందులు. పైన నిలబడ్డప్పుడు ముందుగా తుంటిని వెనక్కి నెట్టండి, వెనకున్న గోడకు తుంటి తగలాలన్నట్టు. మోకాళ్లు కొద్దిగా మాత్రమే సడలుతాయి. రాడ్ తొడలను రాసుకుంటూనే కిందికి జారుతుంది. చంకలు బిగించి ఉంచితే అది ఒంటికి దూరం పోదు. మోకాలిచిప్పలు దాటిన ఆ క్షణంలోనే మోకాళ్లు వంచడం మొదలవ్వాలి. అక్కడి నుంచి రాడ్ పిక్కల ముందు ఎముక వెంట నేరుగా దిగి, పాదం మధ్య భాగానికి పైన ఆగుతుంది. ఎత్తడం ఎక్కడ మొదలైందో దించడం అక్కడే ముగియాలి. ఖాళీ రాడ్‌తో అద్దానికి పక్కగా నిలబడి చేస్తే తేడా మీకే కనిపిస్తుంది. ఇంకా బాగా తెలియాలంటే పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని రాడ్ చివరను గమనించండి. అది ఒకే గీత మీద పైకి వెళ్లి, అదే గీత మీద కిందికి రావాలి.

సుమో పద్ధతిలో ఎత్తేవాళ్లకు ఒక హెచ్చరిక. కాళ్లు వెడల్పుగా పెట్టడం వల్ల కాలివేళ్లు ప్లేట్లకు బాగా దగ్గరగా ఉంటాయి. దించేటప్పుడు రాడ్ ఒక పక్కకు ఒరిగినా, మీ పాదం కాస్త జరిగినా ప్లేటు వేళ్ల మీద పడుతుంది. సుమోలో తుంటి, మోకాళ్లు కలిసే వంగుతాయి, మోకాళ్లు బయటికి తెరుచుకునే ఉండాలి. వదిలెయ్యమన్న సలహా సుమోవాళ్లకు ఇంకా ప్రమాదం.

చేతుల విషయంలో ఒక చెడ్డ అలవాటు ఉంది. ఒక అరచెయ్యి బయటికి, ఒకటి లోపలికి పెట్టి పట్టుకునేవాళ్లు రాడ్ మోకాళ్ల కిందికి రాగానే ఒక చెయ్యి ముందుగా తీసేస్తారు. రెండో చేతి మీద ఒక్కసారిగా మెలిక పడుతుంది, రాడ్ ఒక కొస ముందు నేలకు తగిలి గింగిరాలు తిరుగుతుంది. రిఫరీ ముందు అది చెల్లదు, జిమ్‌లో పక్కవాడి కాలికి ప్రమాదం. రెండు చేతులూ ఒకేసారి పట్టుకున్నాయి, ఒకేసారి వదలాలి.

‘నేలకు తాకించి వెంటనే లేపు, ఆగకు’ అన్న సలహా దించడాన్నే పాడుచేస్తుంది. ప్లేట్లు నేలకు కొట్టుకుని ఎగిరిన ఊపుతో రెండో రెప్పు లేస్తుంది, ఆ ఊపు కోసం రాడ్‌ను గట్టిగా కొట్టడం అలవాటవుతుంది. పోటీలో మీరు ఎత్తేది ఒక్క రెప్పు, అదీ కదలకుండా పడి ఉన్న బరువును. అందుకని ఐదు రెప్పుల సెట్టయినా ఐదు విడివిడి లిఫ్టులుగానే చెయ్యండి. దించండి, రాడ్ ఆగనివ్వండి, ఊపిరి పట్టండి, ఎత్తండి. రాడ్ పాదం మధ్యకు పైన దిగిందా, ముందుకు పోయిందా అన్నది కూడా ఆ ఆగిన క్షణంలోనే తెలుస్తుంది.

చప్పుడు రాకూడదని ప్లేట్ల కింద మ్యాట్లు వెయ్యమనే జిమ్ములున్నాయి. పాత భవనంలో రెండో అంతస్తులో జిమ్ నడిపేవాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. వెయ్యండి, కానీ మీరు నిలబడే చోట కూడా అంతే మందం వెయ్యండి. పోటీలో పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లకు మించదు, అంటే రాడ్ మధ్యభాగం నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్లేట్ల కింద మాత్రమే మ్యాట్ వేస్తే మీరు ఎత్తడం, దించడం రెండూ పోటీలో ఉండని ఎత్తు నుంచి నేర్చుకుంటారు. చిన్న ప్లేట్లు మాత్రమే ఉన్న జిమ్‌లో దీనికి వ్యతిరేకం జరుగుతుంది, రాడ్ మరీ కిందికి పోతుంది.

చివరగా, ‘డౌన్ సంగతి పోటీలో చూసుకోవచ్చు’ అనే మాట. పోటీలో చూసుకోవడానికి మీకుండేది ఒక్కో లిఫ్టుకు మూడు అవకాశాలే. పక్కనున్న తమ్ముడినో చెల్లినో ఎదురుగా నిలబెట్టండి. మీరు నిటారుగా నిలబడ్డాక చెయ్యి దించుతూ ‘డౌన్’ అనమనండి. ఒకసారి వెంటనే అనాలి, ఒకసారి కాస్త ఆగి అనాలి, ఎప్పుడు అంటారో మీకు ముందుగా తెలియకూడదు. మీ చూపు ఆ చేతి మీదే ఉండాలి, ఎందుకంటే హాల్లో కేకల మధ్య మాట వినపడకపోవచ్చు. వామప్ సెట్ల నుంచే ఇలా చెయ్యండి.

కోచ్‌లకు నా విన్నపం ఒకటే. మీ దగ్గరికి పోటీ కోసం వచ్చినవాళ్లు జిమ్‌లో రాడ్‌ను వదిలేస్తే ఆ రెప్పును లెక్కపెట్టకండి, వాళ్ల నోట్‌బుక్‌లో రాయనివ్వకండి. డెడ్‌లిఫ్ట్ పోటీలో ఆఖరి అంశం. ఉదయం నుంచి స్క్వాట్, బెంచ్ రెండూ బాగా చేసి వచ్చినా డెడ్‌లిఫ్ట్ మూడు ప్రయత్నాలూ చెల్లకపోతే ఆ మనిషికి టోటల్ ఉండదు, ర్యాంకు ఉండదు.