నెంబరు మారని కెర్నెల్

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నడుస్తున్న సర్వర్ని కెర్నెల్ నెంబరు అడిగితే 3.10.0 అంటుంది. లినక్స్ 3.10 వెలువడింది 2013లో. నెంబరు పాతదే అయినా, ప్రధాన కెర్నెల్లోకి 2014లో వచ్చిన ఈబీపీఎఫ్ (కెర్నెల్లోనే చిన్న ప్రోగ్రాములు నడిపించే సదుపాయం) కూడా 7.6 నుంచి ఇందులో ఉంది, ప్రయోగాత్మకంగానే అయినా. ఉద్యోగం కోసం వయసు తగ్గించి రాయించుకునేవాళ్లను చూశాం; పెంచి రాయించుకుని గౌరవం పొందేది ఈ కెర్నెల్ ఒక్కటే. నెంబరే చూసే సెక్యూరిటీ స్కానర్ ఎప్పుడో పూడ్చేసిన లోపాలకు కూడా గగ్గోలు పెడుతుంది. అవి పూడ్చేశామని రుజువు చేసే కాగితాలు రాయడం అడ్మిన్ల పని. దీన్నే స్థిరత్వం అంటున్నారు.

కొత్త కెర్నెల్‌తో కొత్త బగ్గులూ వస్తాయి కాబట్టి దిద్దుబాట్లను మాత్రమే ఏరి పాతదానికి బ్యాక్‌పోర్ట్ చేస్తామంటారు రెడ్ హ్యాట్ వాళ్లు. మొదటి సగం నిజమే, తిరకాసంతా రెండో సగంలో ఉంది. ఏ ప్యాచ్ అయినా చుట్టూ ఉన్న కోడ్ ఫలానా తీరులో నడుస్తుందని నమ్ముకునే పుడుతుంది. ఫైలు సైజు డిస్కుకు సరిగ్గా చేరాలని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు రాసిన ఒక దిద్దుబాటు 2023 చివర్లో 6.1.64 స్టేబుల్ కెర్నెల్లోకి వచ్చింది, అది ఆధారపడిన ఐఓమ్యాప్ మార్పు మాత్రం రాలేదు. ఫైల్లో ఎక్కడ రాయాలన్న లెక్క తప్పి, డేటా పాడయ్యే ప్రమాదం వచ్చిపడింది. డెబియన్ ఆ కెర్నెల్‌తో రావాల్సిన 12.3 ఇమేజీలను ఆపేసి, డిసెంబరు 10న 12.4 ఇచ్చింది. స్టేబుల్ ప్యాచ్ వంద లైన్లు దాటకూడదని నియమం ఉంది. లైన్లయితే లెక్కపెట్టొచ్చు, వాటి వెనకున్న నమ్మకాలను ఎవరు లెక్కపెడతారు? పైగా 6.1 వయసు అప్పటికి ఏడాదే. దశాబ్దం దూరం మోసుకెళ్లిన ప్యాచ్‌ల సంగతి చెప్పేదేముంది!

కంపెనీలో ఇంజనీర్లున్నారు, పరీక్షిస్తారు కదా అనొచ్చు. పరీక్షిస్తారు, కాదనను. కానీ వాళ్లు పరీక్షించే కోడ్ ప్రధాన కెర్నెల్లో ఎక్కడా ఉండదు. అందులో కొత్తగా బగ్ పుడితే అసలు ప్యాచ్ రాసినాయన కూడా తల గోక్కోవాల్సిందే. బయటి డ్రైవర్లు చెడిపోకూడదు కదా అన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. అవి చెడిపోవన్న హామీ కూడా ఎంపిక చేసిన కెర్నెల్ సింబల్స్ వరకే. తమ డ్రైవర్ని ప్రధాన కెర్నెల్లో చేర్చడానికి ఒప్పుకోని తయారీదారుల సుఖం కోసం మిగతా అందరూ 2013లో కాపురం చేయాలన్నమాట.

దీర్ఘకాలిక కెర్నెళ్ల మద్దతును ఆరేళ్ల నుంచి రెండేళ్లకు కుదిస్తామని 2023లో కెర్నెల్ నిర్వాహకులే ప్రకటించారు. వాడేవాళ్లు తక్కువ, చాకిరీ ఎక్కువ అన్నది వాళ్ల లెక్క. 3.10.0కు ఆ లెక్క వర్తించదు. దాని మామూలు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. అదనంగా డబ్బు కడితే ఆ తర్వాత కూడా దిద్దుబాట్లు వస్తాయి, అదే నెంబరు మీద.