బాణాల సిద్ధాంతులు

ఫుట్‌బాల్‌లో ఎటాకింగ్ జట్టు గెలిస్తే దాని ఆటను తత్త్వం అంటారు. ఓడితే మూర్ఖత్వం అంటారు. ఆట మాత్రం రెండు రోజులూ ఒకటే. ఈ సంగతి జనానికి తెలిసిపోకుండా కాపాడటానికి ఒక పెద్ద పరిశ్రమే నడుస్తోంది. దాని సరంజామా మీరూ చూసే ఉంటారు. మధ్యలో ఆపేసిన వీడియో, ఆటగాళ్ల కాళ్ల కింద వెలిగే చక్రాలు, అడ్డదిడ్డంగా పసుపుపచ్చ బాణాలు, వెనక నుంచి గంభీరమైన గొంతు: "ఇదిగో, ఇక్కడే అంతా తేలిపోయింది!" తేలిపోయిన సంగతి మాకూ తెలుసు నాయనా, తెర మూలన స్కోరు కనిపిస్తూనే ఉంది.

మనిషి పోయాక జాతకం తిరగేసి, అష్టమంలో శని ఉన్నాడని తాను అప్పుడే గ్రహించానని చెప్పే సిద్ధాంతికీ ఈ విశ్లేషకుడికీ తేడా ఒక్కటే. సిద్ధాంతి దక్షిణతో సరిపెట్టుకుంటాడు, ఈయనకు సబ్‌స్క్రైబర్లు కావాలి.

ఊరికే నోరు పారేసుకుంటున్నానని అనుకోకండి. ఆంజ్ పోస్టెకోగ్లూ కథ ఒక్కటి చాలు. గ్రీసులో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన ఈ కోచ్ 2023 జూన్ 6న లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్‌స్పర్ బాధ్యత తీసుకున్నాడు. రెండు నెలలు దాటాయో లేదో హ్యారీ కేన్ బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లిపోయాడు. గోల్స్ కొట్టే మనిషే లేనప్పుడు ఈ ఏడు గట్టెక్కితే అదే పదివేలు అన్నారు అందరూ. తీరా లీగ్ మొదలయ్యాక పది మ్యాచుల్లో ఎనిమిది గెలుపులు, రెండు డ్రాలు, 26 పాయింట్లు, పట్టికలో మొదటి స్థానం. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, మూడు నెలలూ ఉత్తమ మేనేజర్ అవార్డు ఆయనకే.

ఇక బాణాలు బయల్దేరాయి. ఫుల్‌బ్యాక్‌లు పోరో, ఉడోగీ గీత పక్కన పరుగెత్తకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి చొరబడటం చూసి మురిసిపోయారు. గోల్‌కీపర్ వికారియో బంతిని దూరంగా బాదకుండా పక్కవాడికి చిన్న పాస్ ఇస్తే చప్పట్లు కొట్టారు. డిఫెన్స్ లైన్ మైదానం సగం దాకా ఎగబాకితే, ఆహా, ఇదీ ధైర్యమంటే అన్నారు. ఆంజ్‌బాల్ అని దానికో పేరు కూడా పెట్టేశారు. మనిషికి అన్నప్రాసన కూడా కాకముందే జీవిత చరిత్ర అచ్చేసినంత పని.

పదకొండో మ్యాచ్ నవంబరు 6న, సొంత గడ్డ మీద, చెల్సీతో. మన గడియారంలో అప్పటికి తారీఖు మారి అర్ధరాత్రి దాటి గంటన్నర. ఆరో నిమిషంలోనే టాటెన్‌హామ్‌కు కులుసెవ్‌స్కీ గోల్. 33వ నిమిషంలో సెంటర్‌బ్యాక్ రొమేరోకు రెడ్ కార్డు, దానితోపాటు పెనాల్టీ, స్కోరు సమం. సగం ఆట ముగిసేలోపే రెండో సెంటర్‌బ్యాక్ వాన్ డి వెన్ తొడ పట్టుకుని బయటికి, జట్టుకు బుర్రలాంటి మాడిసన్ చీలమండ పట్టుకుని బయటికి. 55వ నిమిషంలో ఉడోగీకి రెండో పసుపు కార్డు. మిగిలింది తొమ్మిదిమంది.

తొమ్మిదిమందితో ఏ కోచ్ అయినా గోల్ ముందు గోడ కడతాడు. పోస్టెకోగ్లూ లైన్‌ను మైదానం నడిమధ్యకు తెచ్చి నిలబెట్టాడు. బెంచి మీద నుంచి వచ్చిన ఎరిక్ డైర్, ఎమర్సన్ ఆ లైన్‌లో ఉన్నారు. వాళ్ల వెనక అరమైదానం ఖాళీ. ఆ ఖాళీకంతటికీ కాపలాదారు వికారియో ఒక్కడే, పెనాల్టీ బాక్సు వదిలేసి పరుగెత్తుకొచ్చి బంతిని ఎటో ఒకవైపు తన్నేస్తున్నాడు. ఇరవై నిమిషాలపాటు చెల్సీకి ఏం చేయాలో పాలుపోలేదు. తొందరపడి పరుగెత్తడం, ఆఫ్‌సైడ్‌లో దొరికిపోవడం. చివరికి 75వ నిమిషంలో స్టెర్లింగ్ పక్కకు నెట్టిన బంతిని జాక్సన్ ఖాళీ గోల్‌లోకి తోశాడు. అయినా టాటెన్‌హామ్ వెనక్కి తగ్గలేదు. డైర్ బంతిని గోల్‌లోకి పంపాడు, ఆఫ్‌సైడ్ అన్నారు. ఆఖరి క్షణాల్లో సన్ కొట్టిన షాట్‌ను చెల్సీ కీపర్ ఆపాడు. ఆ తర్వాత ఇంజురీ టైంలో జాక్సన్ మరో రెండు కొట్టి హ్యాట్రిక్ పూర్తి చేశాడు. 1-4. ఓడిన జట్టుకు స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది. ఐదుగురే మిగిలినా ఇలాగే ఆడతామని కోచ్ చెప్పి వెళ్లాడు.

సన్ షాట్ జానెడు పక్కగా వెళ్లి ఉంటే స్కోరు 2-2. తొమ్మిదిమందితో చెల్సీని నిలువరించిన మహా ధైర్యశాలి కథ మరుసటి రోజు అన్ని తెరల మీదా నడిచేది. అదే లైను, అదే ఖాళీ, అవే బాణాలు. ఒక కీపర్ చేతి వేళ్లకు బంతి తగిలినందుకు తత్త్వవేత్త కాస్తా తలతిక్క మనిషయ్యాడు. నెలల తరబడి ఆ లైన్‌ను పొగిడినవాళ్లే, ఇది ఎప్పుడో ఒకప్పుడు కొంప ముంచుతుందని తమకు ముందే తెలుసన్నట్టు తల పంకించడం మొదలుపెట్టారు. తెలిస్తే సెప్టెంబరులో ఒక ముక్క చెప్పి పుణ్యం కట్టుకోవచ్చుగా.

ఈ సందడిలో అసలు చెప్పాల్సిన సంగతి పక్కకు పోయింది. అది కష్టమైనదీ కాదు. సొంత సగంలో ఉన్నవాడు ఆఫ్‌సైడ్ కాడు. కాబట్టి లైన్‌ను ఎంత పైకి తెచ్చినా మధ్యగీత దగ్గర దాని బలం అయిపోతుంది. అవతలి ఆటగాడు తన సగంలోనే నిలబడి, పాస్ పడే క్షణానికి పరుగు మొదలుపెడితే చాలు. అంటే హై లైన్‌ను కాపాడేది లైన్ కాదు, పాస్ ఇచ్చేవాడి మీద పడి అతనికి తల ఎత్తే వ్యవధి ఇవ్వని ముందువరస. పదకొండుమంది ఉంటే ఆ పని జరుగుతుంది. తొమ్మిదిమంది అయ్యాక పాస్ ఇచ్చేవాడు తీరిగ్గా చూసి, ఎంచి ఇస్తాడు. అప్పుడిక మిగిలే ఆసరా ఒక్కటే, వెనక్కి తిరిగి పరుగెత్తి పట్టుకోగల మనిషి. టాటెన్‌హామ్‌కు ఆ మనిషి ఉన్నాడు. మిక్కీ వాన్ డి వెన్ 2024 జనవరిలో బ్రెంట్‌ఫర్డ్ మీద గంటకు 37.38 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అంతటివాడు వెనక ఉంటే లైన్ చంద్రమండలం దాకా ఎక్కినా ఫరవాలేదు. చెల్సీ రాత్రి అతను తొడ పట్టుకుని బయట కూర్చున్నాడు. ఆ సీజనంతా మనం విన్న తత్త్వం ఒక కుర్రాడి తొడ వెనక కండరం మీద నిలబడి ఉంది. ఆ మాటకు బాణం గీయడం కుదరదు, అందుకే ఎవరూ గీయలేదు.

మరుసటి సీజన్ ఈ మాటకు సాక్ష్యం. వాన్ డి వెన్, రొమేరో గాయాలతో నెలల తరబడి కనపడలేదు. 2024 డిసెంబరు 22న లివర్‌పూల్ వచ్చేసరికి సెంటర్‌బ్యాక్‌లుగా నిలబడింది ద్రగుషిన్, ఆర్చీ గ్రే. గ్రే పద్దెనిమిదేళ్ల మిడ్‌ఫీల్డర్. గోల్‌లో వికారియో కూడా లేడు. 3-6. ఇందులో కోచ్ తప్పు లేదంటారా? ఎందుకు లేదు? ఉంది. ఇల్లు కాలిపోతున్నా అదే కిటికీ దగ్గర కూర్చుంటానన్న మనిషిని వెనకేసుకు రావడం నావల్ల కాదు. కానీ ఆ సీజన్ లెక్క చూడండి. లీగ్‌లో కొట్టినవి 64 గోల్స్, ఇచ్చినవి 65. ఒక్క గోల్ తేడా! అయినా 22 ఓటములు, 38 పాయింట్లు, పదిహేడో స్థానం. గోల్స్ లెక్కలో నడిమధ్యన ఉండాల్సిన జట్టు అడుగున తేలింది. ఎటాక్ వల్ల మునిగారు అనే ఒక్క వాక్యంలో ఈ ముడి విడిపోదు. ఒక్క వాక్యంలో విడిపోకపోతే వీడియోకు శీర్షిక కుదరదు కదా!

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. 1982 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఇటలీ చేతిలో ఓడిన నాటి నుంచి మన తలకెక్కించిన పాఠం ఒకటుంది: డ్రా చాలిన మ్యాచ్‌లో టెలె సంతానా జట్టు మోజుపడి ఎటాక్ చేసింది, మునిగింది. జూలై 5, బార్సిలోనా, సారియా స్టేడియం. ఆ 3-2లో పావ్లో రోసీ కొట్టిన మూడు గోల్స్ ఎలా వచ్చాయో చూద్దాం. మొదటిది కబ్రీనీ క్రాస్‌కు తల తగిలించి. రెండోది, టొనిన్యో సెరెజో సొంత సగంలో అడ్డంగా వేసిన పాస్‌ను లాక్కుని. దాన్ని ఎటాక్ అనరు, పరధ్యానం అంటారు. 68వ నిమిషంలో ఫాల్కావ్ 2-2 చేశాడు. ఆ వెంటనే సంతానా సెంటర్ ఫార్వర్డ్ సెర్జిన్యోను తీసేసి మిడ్‌ఫీల్డర్ పావ్లో ఇసిదోరోను దింపాడు. మోజుపడిన మనిషి చేసే పనేనా అది? ఇక 74వ నిమిషంలో పడ్డ మూడో గోల్ కార్నర్ కిక్ నుంచి. బ్రెజిల్ వాళ్లు గోల్ ముందుకొచ్చి కిక్కిరిసి ఉన్నారు. వాళ్ల డిఫెండర్ జూనియర్ గోల్ దగ్గరే ఉండిపోవడం వల్లే రోసీ ఆఫ్‌సైడ్ కాలేదు. అంటే ఎటాక్ వల్ల చచ్చిందని నలభై ఏళ్లుగా తద్దినం పెడుతున్న జట్టు, మూకుమ్మడిగా డిఫెన్స్ చేస్తూ చచ్చింది. చివర్లో ఆస్కార్ కొట్టిన హెడర్‌ను ఇటలీ కీపర్, నలభై ఏళ్ల జాఫ్ గీత మీద పట్టుకోకపోయి ఉంటే, ధైర్యానికి దక్కిన విజయమని ఇదే మ్యాచ్‌ను బళ్లల్లో పాఠంగా పెట్టేవాళ్లు.

భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాహెబ్ అదృష్టవంతుడు, బాణాలు పుట్టకముందే పని ముగించుకున్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1, బంగారు పతకం. సికింద్రాబాద్ బలరాం కూడా ఉన్న జట్టది. జర్నైల్ కొట్టకపోయి ఉంటే? డిఫెండర్‌ను, అందులోనూ కట్టుకట్టుకున్నవాణ్ణి, ముందుకు తోసిన కోచ్‌కు మతి చెడిందని రాసేవాళ్లు. కొట్టాడు కాబట్టి మేధావి అయ్యాడు. ఆయన మేధావే, అందులో నాకు సందేహం లేదు. బంతి లోపలికి వెళ్లకముందు కూడా మేధావే అని నా గొడవ.

మళ్లీ లండన్. పోస్టెకోగ్లూ 2024 సెప్టెంబరులో ఆర్సెనల్‌తో ఓడిన రోజే, రెండో ఏడు తానెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని ప్రకటించాడు. నవ్వని విశ్లేషకుడు లేడు. 2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్, ఎదురుగా మాంచెస్టర్ యునైటెడ్. లీగ్‌లో పదిహేడో జట్టూ పదహారో జట్టూ యూరప్ కప్పు కోసం కొట్టుకోవడం అదో వింత. అక్కడ ఆంజ్‌బాల్ ఎక్కడుందో వెతికి పట్టుకున్నవాళ్లకు ఆ కప్పులో సగం ఇచ్చేయొచ్చు. ఆటలో ఎక్కువసేపు బంతి యునైటెడ్ దగ్గరే. టాటెన్‌హామ్ మొత్తం మీద కొట్టిన షాట్లు మూడు. 42వ నిమిషంలో బ్రెన్నన్ జాన్సన్, యునైటెడ్ డిఫెండర్ ల్యూక్ షా కలిసి, ఎవరికి ఎప్పుడు తగిలిందో రీప్లేలో కూడా తేలని రీతిలో బంతిని లోపలికి పంపారు. ఆ తర్వాత వాన్ డి వెన్ గాల్లోకి లేచి గీత మీద నుంచి బంతిని వెనక్కి తన్ని గోల్ ఆపాడు. పన్నెండు నిమిషాలుందనగా గోల్ కొట్టిన జాన్సన్‌నే బయటికి పిలిచి, డిఫెండర్ డాన్సోను పంపాడు కోచ్. ఐదుగురైనా ఎటాక్ చేస్తామన్న పెద్దమనిషి, పదకొండుమందితో తలుపులు బిడాయించుకుని కూర్చున్నాడు. 1-0. 2008 తర్వాత క్లబ్బుకు మొదటి ట్రోఫీ.

సిద్ధాంతులకు ఇది పెద్ద ఇరకాటమే కావాలి. కాలేదు. పరిణతి, వ్యూహాత్మక సంయమనం అన్న మాటలు సిద్ధంగా ఉన్నాయి, బాణాలు ఈసారి వెనక్కి తిరిగాయి, అంతే. నాలుగు రోజుల తర్వాత సొంతగడ్డ మీద బ్రైటన్ చేతిలో 1-4. జూన్ 6న, వచ్చి సరిగ్గా రెండేళ్లకు, ఉద్యోగం పోయింది.

సెప్టెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆయన్ను తెచ్చుకుంది. అంతకుముందు సీజన్‌లో కోచ్ నూనో చేతికింద ఓపిగ్గా కాచుకుని, ఎదురుదాడి చేసి ఏడో స్థానంలో నిలిచిన జట్టది. ఇదే పోస్టెకోగ్లూ టాటెన్‌హామ్‌ను ఆ సీజన్‌లో రెండుసార్లు ఓడించింది కూడా. అక్కడ ఆయనకు ఎనిమిది మ్యాచులు, రెండు డ్రాలు, ఆరు ఓటములు. అక్టోబరు 18న, మళ్లీ చెల్సీ చేతిలోనే 0-3గా ఓడి ఆట ముగిసిన ఇరవై నిమిషాల్లోపే క్లబ్బు ఆయన్ను పంపించేసింది. వచ్చి అప్పటికి 39 రోజులు. ఓపిగ్గా కాచుకోవడం నేర్చిన ఆటగాళ్లతో ఈయన ఆట నడవదన్నది ఆయన సంతకం పెట్టకముందే చెప్పగల సంగతి. క్లబ్బు యజమానికి కనిపించలేదు. ఫుట్‌బాల్‌లో చెప్పదగ్గ జోస్యం అదొక్కటే, అది చెప్పాల్సిన రోజున మన సిద్ధాంతులు కొత్త కోచ్ ఫుల్‌బ్యాక్‌లను ఏ బాణం వెంట లోపలికి పంపుతాడో గీసుకుంటున్నారు.