రౌటరోద్ధరణం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె. ఫర్మువేరు మార్చఁ బవరు పోయినదిరా
రీసెటొత్తనేల రెండుమార్లు
బూటులోడరుండఁ బోలేదు ప్రాణంబు
తీగఁ బెట్టి ఫైలు తెచ్చి పంపు

అవతారిక: నాయుడుపేటలో కార్తీకమాసపు వాన పట్టిన రాత్రి. స్వర్ణముఖిలో నీళ్లెంత వచ్చాయోనని ఫోనులో వెతుకుతూ, పనిలో పనిగా ఇంటాయన రౌటరు పేజీ తెరిచాడు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందన్న ఎర్రచుక్క కనబడింది. నొక్కాడు. గీత సగం నిండేసరికి కరెంటు పోయింది. చెన్నైలో ఉన్న కొడుక్కి ఫోను కొట్టాడు. ఆ సంభాషణే పద్యమైంది. మొదటి పాదం తండ్రిది, తక్కిన మూడూ కొడుకువి.

ప్రతిపదార్థం: ఫర్మువేరు = రౌటరును నడిపే ప్రోగ్రామును; మార్చన్ = మారుస్తూ ఉండగా; పవరు = కరెంటు; పోయినదిరా = పోయిందిరా, అబ్బయా!; రీసెటు = డబ్బా వెనుక గుండుసూది మాత్రమే దూరే బొక్కలోని మీటను; రెండుమార్లు = మాటిమాటికీ; ఒత్తన్ ఏల = నొక్కడమెందుకు?; బూటులోడరు = కరెంటు రాగానే అన్నిటికన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రాము; ఉండన్ = చెక్కుచెదరక ఉండగా; ప్రాణంబు = రౌటరు ప్రాణం; పోలేదు = ఎక్కడికీ పోలేదు; తీగన్ = ల్యాన్ కేబులును; పెట్టి = కంప్యూటరుకు తగిలించి; ఫైలు = ఆ మోడలుకే చెందిన ఫర్మ్‌వేరును; తెచ్చి = దించుకొని; పంపు = రౌటరుకు అందించు.

కన్నతండ్రిని పట్టుకొని ‘పంపు’ అనవచ్చునా? అనరాదు. ‘నాయనా’ అన్న సంబోధనను అధ్యాహారం చేసుకోవాలి. ఛందస్సులో చోటు చాలక కవి దాన్ని మింగాడు. ద్రుతం దెబ్బకు ‘పవరు’ ‘బవరు’ కావడం మాత్రం వ్యాకరణ సమ్మతమే.

తాత్పర్యం: అప్‌డేట్ మధ్యలో ఆగినంత మాత్రాన రౌటరు చచ్చినట్టు కాదు. లోపలి బూట్‌లోడర్ బతికి ఉంటే దాని ద్వారా ఫర్మ్‌వేరును మళ్లీ ఎక్కించవచ్చు.

వ్యాఖ్య: ‘పవరు పోయినదిరా’. ఇంట్లో ఇన్వర్టరు లేదా అని శంక. ఉంది. లైట్లకూ ఫ్యాన్లకూ కలిపారు, టీవీ వెనుక ప్లగ్గుకు కలపలేదు. ‘లోడు పడుతుంది సార్’ అన్నాడు ఎలక్ట్రీషియను. మామూలు ఇంటి రౌటరు తినేది పది పన్నెండు వాట్లు. ఈ లోడు సిద్ధాంతం మీద వేరే గ్రంథం రాయవలసి ఉంది.

ఇంతకీ సగంలో ఆగితే ఏమవుతుంది? రౌటరులోని ఫ్లాష్ మెమరీలో పాత రాత మీద కొత్త రాత నేరుగా ఎక్కదు. ముందు ఒక్కో దిమ్మెను చెరపాలి, ఆ తర్వాతే రాయాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసి సామాను లారీకెత్తించాక కొత్త ఇంటివాడు తాళంచెవి ఇవ్వనన్నట్టు, పాతది చెరిగిపోయి, కొత్తది పూర్తిగా రాక, రౌటరు నడివీధిలో నిలబడుతుంది. కొన్ని రౌటర్లలో ఫర్మ్‌వేర్ ప్రతులు రెండుంటాయి. ఒకటి పాడైతే రెండోది లేస్తుంది. మన కథానాయకుడికి ఆ భాగ్యం లేదు. పవర్ లైటు ఆగకుండా మినుకుమంటోంది, వైఫై పేరు ఎక్కడా లేదు.

‘రీసెటొత్తనేల’. ఇక్కడ రీసెట్టువాదుల పూర్వపక్షం: ‘సర్వరోగాలకూ రీసెట్టే మందు, పది సెకన్లు చాలకపోతే ముప్పై సెకన్లు నొక్కండి.’ ఇది చెల్లదు. నడుస్తున్న రౌటరులో రీసెట్టు చేసే పని మనం పెట్టుకున్న పాస్‌వర్డు, వైఫై పేరు వగైరా అమరికలను చెరపడం. చెరిగిపోయిన ఫర్మ్‌వేరును అది పుట్టించలేదు. అసలు ఆ మీట నొక్కారని గ్రహించవలసిన ఫర్మ్‌వేరే లేచి నిలబడలేదు కదా!

అయితే కొడుకు కాసేపటికి తానే ‘రీసెట్టు నొక్కి పట్టుకో నాయనా’ అన్నాడు. పూర్వోత్తర విరోధం కాదా? కాదు. కరెంటు ఇవ్వకముందే మీట నొక్కి, పట్టుకొనే స్విచ్ వేస్తే, చాలా రౌటర్లలో ఆ నొక్కుడు బూట్‌లోడర్‌కు అందుతుంది. అప్పుడది మామూలు దారి వదిలి ఫైలు కోసం ఎదురుచూస్తుంది. మీట ఒకటే, వేళ వేరు. ఈ భేదం తెలియకే సగం రౌటర్లు చెత్తబండి ఎక్కుతున్నాయని వ్యాఖ్యాత అభిప్రాయం.

‘తీగఁ బెట్టి’. వైఫై పనికిరాదు, తీగే గతి. కంప్యూటరుకు ఐపీ చిరునామా పంచిపెట్టే పని రౌటరుది. అది పడి ఉంది గనక మనమే చేత్తో ఇచ్చుకోవాలి. చిరునామా మోడలును బట్టి మారుతుంది. టీపీ-లింక్ ఆర్చర్ జాతిలో చాలావాటికి కంప్యూటరును 192.168.0.66గా కూర్చోబెట్టి, ఫైలుకు అవి కోరిన పేరే పెట్టాలి. పేరులో ఒక్క అక్షరం తప్పినా ముట్టవు. ఇంకొన్ని మోడళ్లలో బూట్‌లోడరే చిన్న వెబ్‌పేజీ చూపిస్తుంది, వాటి యజమానులు పుణ్యాత్ములు.

‘తెచ్చి’. ఇంట్లో నెట్టే పడుకుంటే ఫైలు తెచ్చేదెక్కడ? ఫోను డేటా నుంచి. ఏ ఫైలు? రౌటరు అడుగున స్టిక్కరు మీద మోడలు పక్కనే హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది. ఒకే పేరుతో వెర్షన్ 1, వెర్షన్ 2 వచ్చినప్పుడు లోపలి చిప్పులు వేరు కావచ్చు. ‘అక్షరాలు ఆనడం లేదురా’ అన్నాడు తండ్రి. ‘ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు నాయనా’ అన్నాడు కొడుకు.

‘పంపు’. ఎట్లా? టీఎఫ్‌టీపీ అనే వృద్ధ ప్రోటోకాల్ ద్వారా. 1981 నాటిది, 1992లో సవరించారు. పాస్‌వర్డు అడగదు. 512 బైట్ల ముద్ద పెడుతుంది, ‘మింగాను’ అని జవాబొస్తేనే రెండో ముద్ద. ఇంత అమాయకంగా ఉంది గనకనే ఇరుకైన బూట్‌లోడరులోనూ ఇమిడింది. ముద్ద గొంతు దిగకపోతే అనుమానించవలసిన మొదటి ముద్దాయి విండోస్ ఫైర్‌వాల్. ఫైలు చేరాక లైట్లు ఎలా వెలిగినా స్విచ్ జోలికి పోరాదు.

ఈ విద్య దేశాంతర గ్రహాంతర ప్రసిద్ధం. 2004 జనవరిలో కుజుడి మీద దిగిన స్పిరిట్ రోవర్, ఫ్లాష్ మెమరీ చిక్కుతో మళ్లీ మళ్లీ రీబూట్ అవుతూ కూర్చుంది. నాసా వాళ్లు ఫ్లాష్‌ను ముట్టకుండా లేవమని దానికి ఆజ్ఞ పంపి, ఆనక ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. అది 2010 దాకా పలికింది. అక్కడ గుండుసూది పట్టుకొని వెళ్లే వీల్లేదు.

అధికారి నిర్ణయం: కేబులు ఆయన ఇచ్చిన ఫైబరు పెట్టెకు ఈ పద్యం వర్తించదు. దాని ఫర్మ్‌వేర్ సాధారణంగా ఆపరేటరు వైపు నుంచే వస్తుంది, అతనికే ఫోను చేయాలి. దాని వెనుక సొంత డబ్బుతో కొని తగిలించుకున్న రౌటరుకే ఇది శాస్త్రం.

పాఠాంతరం: నాలుగో పాదానికి ‘తీసి కొత్త డబ్బ తెచ్చుకొమ్ము’ అని అంగళ్లలో మరో పాఠం ప్రచారంలో ఉంది. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. అమ్మేవాళ్లు కల్పించిన ప్రక్షిప్తమని త్రోసిపుచ్చబోయాను గానీ రెండు చోట్ల దాన్ని ఒప్పుకోక తప్పదు. బూట్‌లోడరే చెరిగిపోయి, డబ్బా విప్పి బోర్డు మీద తీగలు అతికించే చేయి ఇంట్లో లేనప్పుడు ఒకటి. కంపెనీ ఆ మోడలుకు భద్రతా సవరణలు ఇవ్వడం మానేసినప్పుడు రెండోది. నాయుడుపేట రౌటరు స్టిక్కరు ఫొటో చూశాక కొడుకు ముందు వెతికింది ఫైలును కాదు, దాని తేదీని. కిందటి నెలదే. అందుచేత ఈ ఇంటివరకు మూలపాఠమే గ్రాహ్యం.