ఎండబెట్టిన టైర్లు అమ్మబడును

హైవే మీద కారు బోల్తా కొట్టిందంటే మర్నాటి పేపర్లో ముద్దాయి సిద్ధం: 'టైరు పేలడంతో అదుపు తప్పింది.' ఏ1 టైరే, ఏ2 లేడు. ముద్దాయి కూడా ముక్కలైపోయింది గనక కేసు మూసేస్తారు. దాని వయసెంత, పేలేదాకా ఎక్కడ కాపురం చేసింది అని అడిగిన పాపాన ఎవరూ పోరు.

నేను చెప్తాను. రెంటచింతల మే ఎండలో కొట్టు ముందు ఇనప స్టాండుకి వేలాడి వడియంలా ఎండింది. పక్కనే వెల్డింగ్ షాపు. ఆ మెరుపులకి ఓజోన్ పుడుతుంది. సాగి ఉన్న రబ్బరు దొరికితే సన్నగా చీల్చుకుంటూ పోతుంది. దాన్ని ఆపడానికే కంపెనీవాడు రబ్బరులో మైనం, మందులు కలుపుతాడు. టైరు తిరిగి నలుగుతుంటేనే అవి పైకి ఊరతాయి. మనం తిరగనిస్తేగా! 'బండి కదిలిందే లేదండీ' అన్నది సెకండ్ హ్యాండ్ బేరంలో పెద్ద మెప్పు.

అమెరికా అబ్బాయి కొనిచ్చిన కారు ఏడాదంతా గేటు పక్కన తపస్సు చేస్తుంది. సంక్రాంతికి అబ్బాయి శంషాబాద్‌లో దిగగానే ఏడుగురు, మూడు సూట్‌కేసులు ఎక్కి, నూటపదిలో ఎన్‌హెచ్-65 పడతారు. "టైర్లు చూపించావా నాన్నా?" "నైట్రోజనే కొట్టించాన్రా!"

డిక్కీలోని స్టెప్నీ రోడ్డెక్కలేదు గనక చిరంజీవి అనుకుంటాం. లోపల కుక్కిన గాలిలోని ఆక్సిజన్ రాత్రింబవళ్ళు రబ్బరులోకి చొరబడి, ఉక్కు తీగల పొరల పట్టు సడలిస్తూనే ఉంటుంది. డిక్కీ కాగినకొద్దీ ఆ పని జోరందుకుంటుంది. పైకి మాత్రం నిగనిగే. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక బీమా కంపెనీ లెక్కలు చూస్తే, పాలసీదారుల్లో 27 శాతమే ఉన్న వేడి రాష్ట్రాల నుంచి 77 శాతం టైరు క్లెయిములొచ్చాయి. ఆ పోటీకి మన రామగుండాన్ని పిలవలేదు, బతికిపోయారు.

టైరు పక్కగోడ మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం పుట్టిందని. పెరుగు ప్యాకెట్‌ని తిప్పి తిప్పి తేదీ చదివే మహానుభావుడు, టైర్ల దగ్గర డిస్కౌంటు మాత్రమే చదువుతాడు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకి మార్చమంటాయి. పదేళ్ళు దాటితే అరగకపోయినా పారేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. ఆ లెక్కా సగమే నిజం. చల్లని చీకటి గదిలో నిలబెట్టి దాచిన మూడేళ్ళ టైరుది ఒక బతుకు, ఎండలో వేలాడిన మూడేళ్ళ టైరుది మరో బతుకు. పుట్టిన తేదీ అచ్చు గుద్దుతారు, పెరిగిన చోటు గుద్దరు. తనిఖీ చేసేవారికి గాడి 1.6 మిల్లీమీటర్ల లోతుంటే చాలు.

"ఇది నాలుగేళ్ళ నాటిది కదయ్యా" అని అడిగి చూడండి. "ఏం సార్, గోదాములో ఉన్న సరుకు, ఒక్క కిలోమీటరు తిరగలేదు. మీరు కాబట్టి ఐదొందలు తగ్గిస్తా" అంటాడు. గోదామంటే ఆ స్టాండే. ఐదొందలు తగ్గాక కూడా వయసు అడగడం మర్యాద కాదు.