ముందు దుడ్డు, ఆమీదట కరెంటు

మా రోజుల్లో మీటరు గోడకుండేది, లెక్క మన కంటికుండేది. నల్లటి డబ్బా, దానికో గాజు కిటికీ, లోపల అడ్డంగా తిరిగే అల్యూమినియం చక్రం, దాని అంచున ఒక గుర్తు. ఫ్యానేస్తే నింపాదిగా, ఇస్త్రీపెట్టె పెడితే గిరగిరా. బిల్లు మీద అనుమానమొస్తే ఇంట్లోనే పరీక్ష. స్విచ్చులన్నీ ఆపేసి, టార్చిలైటేసి ఆ గుర్తు కదులుతోందా లేదా చూడటమే. కదల్లేదంటే మీటరు తప్పు కాదు, మనమే కాల్చినాం. కదిలిందంటే ఎక్కడో వైరు కారుతోందని లెక్క. అక్షరమ్ముక్క రాని మా అమ్మ కూడా ఆ చక్రాన్ని చూసి, "ఈ తూరి ఎక్కువే వచ్చేట్టుంది రా" అనేది.

తర్వాత చక్రం పోయి ఎర్రదీపం వచ్చింది. అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్టని మీటరు మీదే రాసినారు. ఎవుడు కూర్చోని లెక్కబెడతాడు? ఇప్పుడు స్మార్ట్ మీటరంట. దాని కడుపులో సిమ్ముంటుంది. ఎప్పుడు ఎంత కాల్చినామో అరగంటకోసారి రాసిపెట్టుకొని, ఎక్కడికో పంపుకుంటుంది. మనింటి ముచ్చట మనకన్నా ముందు వాళ్లకు తెలుస్తుంది.

మా బ్రహ్మంగారిమఠంలో సైకిలు మీద లైన్‌మన్ వచ్చే కాలం నాకు బాగా గుర్తుంది. బిల్లు కట్టకుంటే ఫ్యూజు పీకేవాడు. పీకేముందు, "అక్కా, సోమారం దాకా చూస్తా" అని గడువిచ్చేవాడు. వాడితో కొట్లాడొచ్చు, బతిమాలొచ్చు. ఈ స్మార్ట్ మీటరుకు ప్రీపెయిడ్ పెడితే ఈ మాటామంతీ లేదు. ముందు కట్టిన దుడ్డు సున్నాకొస్తే యాడో కూర్చున్న కంప్యూటరు తీసేస్తుంది. దానికి అక్కా లేదు, సోమారమూ లేదు.

రేట్ల సంగతీ చెప్పాల. 2000లో కరెంటు రేట్లు పెంచినారని రాష్ట్రమంతా రోడ్డెక్కింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులే చచ్చిపోయినారు. రైతులకైతే ఎన్టీఆర్ హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలన్నాడు. తర్వాత అదీ పెరిగితే, మా పులివెందులాయన వైఎస్ 2004 మేలో ముఖ్యమంత్రి అవుతూనే తొలి సంతకంతో ఎత్తేసినాడు. పెంచినా తీసేసినా బయటికి చెప్పి చేసినారు. జనం తిట్టినారు, మొక్కినారు. ఇప్పుడు రేటు పెంచలేదంటూనే బిల్లు పెంచుతారు.

ఎట్లాగంటారా? ఐదు వరసలుండే బిల్లు ఇప్పుడు జాతకచక్రమైంది. ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం, వాటికింద సర్దుబాట్లు. 2014-19 మధ్య కాల్చిన కరెంటుకు ట్రూఅప్ అని 2022 ఆగస్టు నుంచి 36 నెలలు వసూలు పెట్టినారు. హోటల్లో ఇడ్లీ తిని, బిల్లు కట్టి, చెయ్యి కడుక్కోనొచ్చిన మనిషిని ఏడేళ్లకు పట్టుకొని చట్నీ డబ్బులడిగినట్టుంది. 2023 నుంచి ఇంధన సర్దుబాటని యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వేసినారు. 2025 నవంబరు నుంచి ట్రూడౌన్ అని 13 పైసలు తగ్గించినారు, సంతోషమే. నీళ్లతో దీపాలు వెలుగుతాయని బ్రహ్మంగారు ముందే చెప్పినారని మా ఊరి పిల్లోళ్లను అడిగినా చెప్తారు. ఆ దీపాలకు ట్రూఅప్పుంటుందని మాత్రం ఎవురూ మా చెవిన వెయ్యలేదు.

ముద్దనూరు కాడ ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం పొగ మాకు. మైలవరం సోలారు పలకలు మా సీమ నేలల్లో. కరెంటు మా గడపలో పుడుతోంది, లెక్క మాత్రం మా చేతికందదు.

మా కాలం బంగారమని నేననను. ఎండాకాలం కోతలకు విసనకర్రలు అరిగిపోయినాయి. రీడింగు పిల్లోడు ఐదు రోజులు ఆలస్యంగా వస్తే పైశ్లాబుకెక్కి కూర్చునేవాళ్లం. ఇప్పుడైనా అంతే, 2022 నుంచి ఉండే రేట్లలో 125 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 417 రూపాయలు. ఆపైన 225 దాకా ప్రతి యూనిట్టూ 6 రూపాయలు. నెలకు సరిగ్గా రీడింగు తీసే మీటరుంటే ఆ బాధ తప్పుతుంది, ఒప్పుకుంటా. ప్రొద్దుటూరులో మాకు కావాల్సినోళ్ల బట్టలంగడికి స్మార్ట్ మీటరు పెట్టినారు. అంగడాయన కొడుకు కువైట్లో ఉంటాడు. ఫోన్లో చూసి, "నాయనా, మధ్యాన్నం అంగట్లో ఎవురూ లేకుండా ఏసీ ఎందుకేసినారు?" అని అక్కణ్నుంచి గదమాయిస్తాడు. కొడుకు లెక్క చూసుకుంటాడు సరే. ఫోను నొక్కడం చేతగాని ముసలోళ్లు ఎవర్నడగాల?

అడిగే దారుందని ఈమధ్యే తెలిసింది. 2024లో కేంద్రం మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, మీటరు ఎక్కువ తిరుగుతోందని ఫిర్యాదిస్తే ఐదు రోజుల్లోపల పక్కనే ఇంకో చెక్ మీటరు పెట్టాల, కనీసం మూడు నెలలు రెండూ సరిచూడాల. మా చక్రం పరీక్షకు ఇదే వారసుడు. ఈ సంగతి ఊళ్లో ఎంతమందికి తెలుసు? సర్దుబాట్లకు బిల్లులో ఇన్ని వరసలున్నాయే, దీనికి ఒక్క వరస లేదా? బిల్లు వెనకాల తెలుగులో, కంటికానేంత అక్షరాలతో అచ్చెయ్యండి. కట్టిన దుడ్డు సున్నాకొచ్చినా రాత్రిపూట, పండగపూట కరెంటు తియ్యబోమని రాసియ్యండి.

ఇంటోళ్లు ఒప్పుకోకుండా ఇళ్లకు స్మార్ట్ మీటరు పెట్టబోమని 2025లో మంత్రి గొట్టిపాటి రవికుమార్ చెప్పినారు కదా, ఆ మాట మీదే నిలబడతా. మీటరు పట్టుకొని మా ఇంటికొచ్చే పిల్లోళ్లకు చల్లటి మజ్జిగిస్తా, నీడనిస్తా. నేనడిగింది అచ్చేసుకోనొచ్చేదాకా సంతకం మాత్రం ఇయ్యను.