పై సాకు పోయే దారి: ఒక ఆటవెలదికి టీకాతాత్పర్యములు

పెండ్లి సీజనంత పెద్ద బాకా నూది
పైన సాకు పోవ పట్టు తప్పె
నొక్కి యూదవలదు నోరు నొచ్చును గాన
మెల్ల మెల్ల నెక్కు మెట్టు మెట్టు

అవతారిక: బెజవాడలో ఒకానొక బ్యాండుమేళమునందు యుఫోనియం వాద్యగాడు మేళము విడిచి డీజే బండి కొనుక్కొనగా, ట్రంపెట్టు కుర్రవాడు మాఘము మొదలు ఆ పెద్ద వాద్యమును తానే ఊదవలసినవాడై, ఆషాఢమున మరల తన ట్రంపెట్టు నందుకొని, తారస్థాయికి పోబోవ గాలి తప్ప నాదము వెడలమి చింతిల్లి మాస్టారిని చేరెను. ఆ మాస్టా రిట్లనుచున్నాడు.

ప్రతిపదార్థము: పెండ్లి సీజనంత = ముహూర్తములు గల నెలలన్నియు; పెద్ద బాకాన్ = యుఫోనియమును; ఊది = వాయించి; పైన సాకున్ = తారషడ్జమునకు; పోవన్ = పోబోవగా; పట్టు = పెదవుల బిగువు; తప్పెన్ = సడలెను; నొక్కి = వాద్యమును మూతి కదిమి; ఊదవలదు = ఊదరాదు; నోరు నొచ్చును గాన = పెదవి వాచును గనుక; మెట్టు మెట్టు = స్వరము వెంట స్వరము; మెల్ల మెల్లన్ = తొందర లేక; ఎక్కు = ఎక్కుము.

తాత్పర్యము: కింద ఊదినవాడు పైకి పోవలెనన్న బలము పనికిరాదు, ఓపిక కావలెను.

విశేషములు: 'బాకా ఊదుట' అనగానే ఇది రాజకీయ అనుచరులనుద్దేశించిన పద్యమని కొందరు వ్యాఖ్యాతలు. బెజవాడ పద్యం గనుక ఆ అనుమానం సహజమే. అయితే ఆ బాకాకు ఎప్పుడూ తారస్థాయే. మంద్రం ఊదినవాడు అందులో కనబడడు. కనుక ఆ అర్థం పొసగదు. 'బాకా నూది'కి 'బాకా మోసి' అని పాఠాంతరం. కాళేశ్వరరావు మార్కెట్టు నుంచి కల్యాణమండపం దాకా ఎండలో యుఫోనియంతో నడిచినవారు ఈ పాఠాన్నే ఆదరిస్తారు.

పట్టు ఎందుకు తప్పింది? ట్రంపెట్టు మౌత్‌పీసు గిన్నె లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లు. యుఫోనియంది 25 పైమాట. గిన్నె పెద్దదైతే పెదవిలో ఎక్కువ భాగం, వదులుగా కదులుతుంది. యుఫోనియంలో కింది బి ఫ్లాట్‌కు పెదవులు సెకనుకు సుమారు 117 సార్లు కొట్టుకుంటే చాలు. ట్రంపెట్టులో మీటలు నొక్కకుండా పలికే పై సి స్వరానికి 932 సార్లు కొట్టుకోవాలి. మాఘం నుంచి నూటపదిహేడుకు అలవాటుపడ్డ కండను ఒక్క ఉదయంలో తొమ్మిది వందలకు రమ్మంటే ఎలా వస్తుంది? మీరట్ నాదిర్ అలీ వారు 1885 నుంచి బ్యాండు వాద్యాల వ్యాపారంలో ఉన్నా, పెదవులు మాత్రం అమ్మలేదు. సన్నాయి విద్వాంసుడు పీక అరిగితే కొత్తది తొడుక్కుంటాడు. ట్రంపెట్టుకు పీక మనిషే.

'నొక్కి యూదవలదు': సన్నాయికి నొక్కులు లోకప్రసిద్ధం, బాకాకు నిషిద్ధం. పట్టు తప్పినవాడు మొదట చేసే పని వాద్యాన్ని మూతికేసి అదమడం. ఆ పూటకు స్వరం పలుకుతుంది కూడా, అదే ప్రమాదం. అదిమితే పెదవికి రక్తం ఆడదు, వాస్తుంది, మొద్దుబారుతుంది. రెండో పాటకు కింది స్వరాలు కూడా పోతాయి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు పెదవి పాడై బాధపడ్డాడు. ట్రంపెట్టు వాద్యకారుల్లో నోటి చుట్టూ ఉండే కండ చిట్లడానికి 1982లో ఒక వైద్యుడు ఆయన ముద్దుపేరు మీదనే 'సాచ్మో సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. బిగించవలసినవి నోటి సెలవులు. నడిమి పెదవిని మాత్రం ఊపిరికి వదిలేయాలి.

పూర్వపక్షం: ఆషాఢంలో ముహూర్తాలు లేవు గదా, నెలంతా ట్రంపెట్టు పెట్టెలో పెడితే పెదవి దానంతటదే కోలుకోదా? కోలుకోదు. వాపు తగ్గుతుంది గాని బిగువు రాదు, ఉన్నది కూడా పోతుంది. పైగా బెజవాడ ఆషాఢం అంత ఖాళీ ఏమీ కాదు. అమ్మవారికి సారె మేళతాళాలతోనే కొండెక్కుతుంది.

'మెట్టు మెట్టు' అన్నది ఇంద్రకీలాద్రి మెట్లని నా నిశ్చయం. ఘాట్ రోడ్డున బండిలో పైకి పోవడం నొక్కి ఊదడం వంటిది. మెట్ల పూజ మొక్కుకున్నావిడ అలా పోదు. ప్రతి మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ ఆగడంలోనే ఊపిరి తీసుకుని పై మెట్టుకు లేస్తుంది. సాధన క్రమం సరిగ్గా అదే. మొదట నడిమి స్వరాలు, సన్నగా, దీర్ఘంగా. తర్వాత మీటలు ముట్టకుండా పెదవితోనే ఒక స్వరం నుంచి పై స్వరానికి జారడం. ఎంతసేపు ఊదితే అంతసేపు వాద్యం దించడం. కింది స్వరం సుఖంగా పలికిన నాడే అర స్వరం పైకి. అలసట వచ్చాక కాదు, రాకముందే ఆపాలి. మంద్రం మీద మాత్రం కక్ష కూడదు. చివర నాలుగు కింది స్వరాలు మెత్తగా ఊదితే పెదవి సడలి సుఖపడుతుంది. అసలు మాఘంలోనే రోజూ కాసేపు ట్రంపెట్టు ముట్టి ఉంటే ఈ పద్యమే పుట్టేది కాదు. మాస్టారు ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. యుఫోనియం మనిషి దొరకని మేళంలో చెప్పడు కూడా.

ఛందము: నాలుగో పాదంలో ఐదూ హగణాలే, ఒక్కొక్కటి మూడు మాత్రలు. ఊరేగింపు అడుగు రెండు రెండుగా పడుతుంది గనుక, పెళ్ళికొడుకు కారు ముందు ఈ పద్యం మననం చేస్తూ నడవరాదు. వెనక డ్రమ్ము వాయించేవాడు తిడతాడు.